నిత్యధారణకు తగిన వాసన

మా పాల కేంద్రానికి ఈ ఏడు ఉత్తమ సువాసన కేంద్రంగా షీల్డు వచ్చింది. పాలు రావడం మానేశాయి గానీ ఆ సంగతి బహుమతుల కమిటీ వారు అడగలేదు, నేనూ చెప్పలేదు. అడగని మాట చెప్పకూడదన్నది సహకార రంగంలో ఇరవై రెండేళ్లలో నేను నేర్చుకున్న మొదటి పాఠం.

నా పేరు యలమంద. తుమ్మలకుంటపాలెంలో జిల్లా పాల సమాఖ్య వారి కేంద్రానికి సెక్రటరీని. రెండు పూటలా ఊళ్ళో వాళ్ళు తెచ్చే పాలు పరీక్ష చేసి, క్యాన్లకెత్తి, వ్యాను ఎక్కించడం నా పని. వెన్న శాతం చెప్పే మిషనొకటి ఉంది గానీ అసలు పరీక్ష దానికంటే ముందే అయిపోతుంది. మూత తీసి ముక్కు పెడతాను. పాలు విరగబోతున్నాయా, గిన్నె సరిగ్గా తోమలేదా, బర్రె ఉల్లికాడలు మేసి వచ్చిందా, అన్నీ వాసనే చెప్పేస్తుంది. నా కళ్ళకు గంతలు కట్టి, ఈ పాలు ఎవరివో చెప్పమని ఊళ్ళో పందేలు కాసేవారు. పదిసార్లకు తొమ్మిదిసార్లు నేనే గెలిచేవాణ్ణి. గొప్ప కోసం చెప్పడం లేదు. నాకున్న విద్య అదొక్కటే.

పట్నంలో పాల బూతులకొచ్చే జనాన్ని సమాఖ్య వారు ఒక కంపెనీ చేత ప్రశ్నలు అడిగించడంతో ఈ కథ మొదలైంది. నూటికి పదకొండు మంది మీ మనుషుల దగ్గర పేడ వాసన వస్తోందన్నారట. మిగతా ఎనభై తొమ్మిది మంది పాలు పల్చగా ఉన్నాయన్నారట. పల్చదనం సంగతి చూడటానికి ఇదివరకే ఒక ఉపసంఘం ఉంది. అది ఆరేళ్లుగా చూస్తూనే ఉంది. కాబట్టి పెద్దల దృష్టి పేడ మీద పడింది.

కొత్తగా వచ్చిన మేనేజింగ్ డైరెక్టరు గారు అంతకుముందు సబ్బుల కంపెనీలో చేసినవారు. ప్రతి సంస్థకూ ఒక వాసన ఉండాలని, మన సంస్థకు ఉన్న వాసన మనం ఎంచుకున్నది కాదని వారు సభలో సెలవిచ్చారు. వెంటనే వాసన ఎంపికకు కమిటీ వేశారు. మల్లె అంటే మగ ఉద్యోగుల సంఘం ఒప్పుకోలేదు. గంధం అంటే ఒక మతమన్నారు, అత్తరంటే ఇంకో మతమన్నారు. మామిడి అంటే, తోటలున్న డైరెక్టరుకు లాభమని తోటలు లేని డైరెక్టర్లు లేచి నిలబడ్డారు. చివరికి ఎవరో వెనిలా అన్నారు. ఆ పువ్వును కమిటీలో ఒక్కరూ కంటితో చూసి ఎరగరు. ఎవరికీ తెలియనిదాని మీద ఎవరికీ కోపం ఉండదు కాబట్టి తీర్మానం ఏకగ్రీవమైంది.

ఒక సోమవారం పొద్దున దాణా బస్తాలు రావలసిన వ్యానులోంచి అట్టపెట్టెలు దిగాయి. అందులో నిండా సన్నటి సీసాలు. నెత్తిన నొక్కితే తుంపర వస్తుంది. దాన్ని బాడీ మిస్టు అంటారట. సీసా మీద 'వెచ్చని, తియ్యని వెనిలా, నిత్యధారణకు' అని ఉంది. దాని కింద పద్దెనిమిది గంటలు నిలుస్తుందని చిన్న అక్షరాలు. పెట్టెతో పాటు సర్క్యులరు కూడా వచ్చింది.

'సమాఖ్య కుటుంబ సభ్యులందరూ, అనగా అధికారులు, సిబ్బంది, సెక్రటరీలు మరియు పాలుపోయు సభ్యులు, ప్రతిదినము రెండు పూటలా కేంద్రపు గుమ్మము వద్ద సదరు మిస్టును మెడ, మణికట్టు, మోచేతి మడతలయందు ఏడు నొక్కులకు తగ్గకుండా ధరించవలెను. ధరించని వారి పాలు స్వీకరింపబడవు. ఇది సమాఖ్య ఆత్మగౌరవమునకు సంబంధించిన విషయముగా భావించవలెను.'

దానికో ఫారం. ఒక్కో మనిషికి రెండు గడులు. వాసన తియ్యగా ఉన్నదా? అవును లేక కాదు. వాసన వెచ్చగా ఉన్నదా? అవును లేక కాదు. తియ్యదనం సరే, వెచ్చదనం ఎలా చూడాలని హెడ్డాఫీసుకు ఫోను చేశాను. సెక్షనాయన కాసేపు ఫైలు తిరగేసి, "మెడ మీద చెయ్యి పెట్టి చూడండి" అన్నాడు. మా కేంద్రంలో పాలు పోసేవాళ్ళలో ముప్పాతిక మంది ఆడవాళ్ళు. వాళ్ళ మెడల మీద చెయ్యి పెడితే ఆ వెచ్చదనం నా చెంపకు తెలుస్తుంది. అందుకని చూడకుండానే అందరికీ రెండు గడుల్లోనూ 'అవును' అని రాశాను. ఆ రోజు నుంచి రాస్తూనే ఉన్నాను.

మొదటి పూట జనం సరదాగానే కొట్టించుకున్నారు. ముసలి మీరావలి తన మణికట్టు తనే వాసన చూసుకుని, "ఏందయ్యా ఇది, బిస్కెట్టు తిన్న నోరు మాదిరి ఉంది" అన్నాడు. ఎవరో పెళ్ళికి పిలిచినట్టుందన్నారు. చెంచమ్మ మాత్రం ముక్కు చిట్లించి, కొంగుతో తుడుచుకుని పోయింది.

చెంచమ్మ గురించి చెప్పాలి. భర్త పోయి తొమ్మిదేళ్లయింది. ఆమెకున్నదల్లా ఒక బర్రె. నుదుట తెల్లమచ్చ ఉందని దాన్ని చుక్క అంటుంది. ఈ సీసాలు రావడానికి రెండు నెలల ముందు చుక్క ఈనింది. తొమ్మిదో నాడు దూడ చచ్చిపోయింది. దూడ పోయిన బర్రెతో పాలు ఇప్పించడం తేలిక కాదు. పక్కన దూడ ఉంటేనే అది చేపుతుంది, అంటే పొదుగులోకి పాలు దించుతుంది. లేకపోతే ఎంత పిండినా చుక్క రాలదు. చెంచమ్మ మూడు రోజులు దాని మెడ పట్టుకుని కూర్చుంది. నాలుగో రోజు అది చెంచమ్మ చీర వాసన చూసి, చెయ్యి నాకి, పాలు దించింది. అప్పటినుంచి ఆమె ఒక్కతికే చేపుతుంది. మీరావలి ప్రయత్నిస్తే తన్నింది. నేను పోతే కొమ్ము విసిరింది.

మర్నాడు పొద్దున చెంచమ్మ ఖాళీ క్యాను పట్టుకుని వచ్చింది.

"అన్నా, చుక్క చేపలా."

"ఏం? జ్వరమొచ్చిందా?"

"జరం గాదు, పాడు గాదు. రాత్రీ చేపలా, ఇప్పుడూ చేపలా. దగ్గరకొచ్చి నన్ను వాసన జూసి బుస్సుమని అవతలకి బోయింది. నేను నేను గాదంట దానికి."

"కడుక్కోకపోయావా?"

"కుంకుడుకాయేసి రుద్దా. సున్నిపిండేసి రుద్దా. ఆకరికి పొయ్యిలో బూడిద గూడా బూసుకున్నా. పద్దెనిమిది గంటలుంటదని సీసా మీద సదివింది నువ్వే గదా! పోమంటే యాడికి పోయిద్దది?"

నేను వేళ్ళ మీద లెక్క వేసి చూశాను. పూటకూ పూటకూ మధ్య పన్నెండు గంటలు, వాసనకు పద్దెనిమిది. అది పోయేలోపల మళ్ళీ ఏడు నొక్కులు పడతాయి. ఇక ఈ జన్మకు చెంచమ్మ వాసన చెంచమ్మకు రాదు.

"ఇంకో మూడు నాలుగు రోజులు ఇట్టాగే పొయిందంటే పొదుగు గడ్డకట్టుద్ది. వట్టిపోద్ది, అన్నా. మళ్ళీ ఈనేదాకా యాడాది పైన. అందాక నేనేం దిని బతకాల?" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. కోపం ఉంది. ఆ కోపం నా మీదే.

ఈ ఒక్క మనిషికి మినహాయింపు ఇవ్వమని హెడ్డాఫీసుకు ఫోను చేసి, కాగితం కూడా పంపాను. పశువుల డాక్టరును రమ్మంటే పది రోజులు పట్టే మా ఊరికి, వాసన మీద కాగితం పెట్టిన మర్నాడే జీపు వచ్చింది. అందులోంచి డిప్యూటీ మేనేజరు, పరిమళ అమలు విభాగం, శ్రీ కిరీటి గారు దిగారు. వారికంటే ముందు వారి వాసన దిగింది.

చెంచమ్మ పాక ముందు, బర్రెకు పది అడుగుల దూరంలో కుర్చీ వేయించుకుని కిరీటి గారు ఫారం తీశారు.

"సమస్యను సంక్షిప్తంగా నివేదించండి."

"ఇది ఈమెను వాసనతో గుర్తుపడుతుందండి. ఇప్పుడు గుర్తుపట్టడం లేదు. పాలివ్వడం లేదు. రేపో ఎల్లుండో వట్టిపోతుంది" అన్నాను.

"అంటే సదరు పశువు సమాఖ్య విధానాన్ని వ్యతిరేకిస్తున్నదా?"

"గొడ్డండి అది."

"అదే అంటున్నాను. గాడిదకేం తెలుసు గంధం పొడి వాసన! ఇది కేవలం అవగాహనా లోపం." కిరీటి గారు కలం మూత తీశారు. "లోపం ఎక్కడుందో చూడండి. సభ్యురాలికి వాసన ఉంది, పశువుకు లేదు. అందుచేత పశువులో న్యూనతాభావం ఏర్పడింది. ఇద్దరికీ ఒకే వాసన కల్పిస్తే భేదభావం తొలగిపోతుంది."

"అయ్యా, దాని బిడ్డ సచ్చిపోయింది," అంది చెంచమ్మ. "నా వొంటి వాసనే దానికి బిడ్డ. దాన్ని గూడా తీసేస్తారా?"

"అమ్మా, భావోద్వేగ అంశాలు ఈ ఫారంలో లేవు."

దున్న ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నారట వెనకటికి. ఇక్కడ ఉన్న దూడ చచ్చిందని చెబుతుంటే తల్లికి సెంటు కొట్టమన్నారు. మనిషికి ఏడు నొక్కులైతే బరువును బట్టి బర్రెకు యాభై ఆరని కిరీటి గారు లెక్క తేల్చారు. నొక్కింది నేనే. పద్నాలుగో నొక్కు దగ్గర చుక్క తాడు తెంపుకుని, కిరీటి గారి కుర్చీని ఆయనతో సహా పక్కకు నెట్టి, ఊరి బయట కుంటలోకి దూకింది. ముక్కు తప్ప మిగతాదంతా బురదలో ముంచి సాయంత్రం దాకా అక్కడే ఉంది. నేల మీదినుంచి లేచిన కిరీటి గారు బట్టలు దులుపుకుంటూ ఫారంలో ఏదో రాసుకున్నారు. ధారణానంతరం పద్దెనిమిది గంటలపాటు పశువులు మడుగులలో దిగరాదని నాలుగో రోజున జిల్లా అంతటికీ సర్క్యులరు వచ్చింది.

జీపు వెళ్ళాక చెంచమ్మ నా ఎదుటికొచ్చి నిలబడింది.

"నేనింక ఆ నీళ్ళు కొట్టించుకోను. ఏం జేసుకుంటావో జేసుకో, అన్నా."

నేను చేసింది ఏమీ లేదు. ఆమె పేరు ఎదుట రెండు గడుల్లోనూ 'అవును' అని రాసి, ఇక గుమ్మంలోకి రావద్దని, వెనక కిటికీలోంచి క్యాను అందించమని చెప్పాను. ఆమె తలంటుకుని, దూడ పోయిన రోజుల్లో కట్టి, గడ్డివాములో దాచి ఉంచిన పాత చీర తీసి కట్టుకుంది. ఒకరోజు గడిచింది. రెండో రోజు పొద్దున కిటికీలో క్యాను కనిపించింది. మూత తీసి ముక్కు పెట్టాను. అడుగున అరలీటరు ఉన్నాయో లేదో గానీ, అవి చుక్క పాలు. నాకు ప్రాణం లేచి వచ్చింది. వారం తిరిగేసరికి మూడు లీటర్లయ్యాయి. రూలు తప్పానని భయం వేసింది నిజమే గానీ, ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో నాకు తృప్తినిచ్చిన వారం అదొక్కటే.

ఈలోగా హెడ్డాఫీసులో ఇంకో గొడవ లేచింది. నాణ్యతా విభాగం వారు ట్యాంకర్ల మూతలు తీసి, జిల్లా పాలన్నింటిలో అన్య వాసన ఉన్నదని, కల్తీ జరిగిందని తేల్చి వెనక్కి పంపడం మొదలుపెట్టారు. వెనిలా కొట్టుకోకపోతే పరిమళ విభాగం పాలు తీసుకోనివ్వదు. కొట్టుకుంటే నాణ్యతా విభాగం పారబోయిస్తుంది. రెండు విభాగాలూ ఒకే మేడ మీద, ఎదురెదురు గదుల్లో ఉంటాయి. ఇద్దరికీ కాఫీ ఒకే ఫ్లాస్కులోంచి వస్తుంది. అయినా మూడు వారాలు ఉత్తరాలే రాసుకున్నారు. ఆ మూడు వారాలూ జిల్లాలో కాలవలు తెల్లగా పారాయి.

మేనేజింగ్ డైరెక్టరు గారే చివరికి తీర్పు చెప్పారు. రెండు విభాగాలదీ తప్పు లేదన్నారు. తప్పంతా 'అన్య' అనే మాటదట. 'ఇకమీదట వెనిలా వాసన సమాఖ్య పాల సహజ లక్షణముగా పరిగణింపబడును. సదరు వాసన లేని పాలు కల్తీ అనుమానితములుగా భావించి తిరస్కరించవలెను.'

ఆ కాగితం చేతిలో పట్టుకుని కిరీటి గారు మళ్ళీ దిగారు. వరసగా క్యాన్ల మూతలు తీయిస్తూ, ముక్కు పెడుతూ, బాగుంది, బాగుంది అంటూ వస్తున్నారు. ఆయనకేమీ తెలియడం లేదని నాకు తెలుసు. ఒళ్ళంతా వెనిలా పూసుకున్నవాడికి వెనిలా తెలియదు. ఇంకేదైనా ఉంటే అదొక్కటే తెలుస్తుంది. కిటికీ పక్కనున్న క్యాను దగ్గర ఆయన ఆగిపోయారు. మళ్ళీ వంగారు. మొహం మారింది.

"ఇందులో ఏదో వాసన వస్తోంది."

నేనూ వంగి చూసినట్టు నటించాను.

"పాల వాసనండి."

"పాలకు ఈ వాసన ఎందుకొచ్చింది?"

"పాలు కాబట్టండి."

"వితండవాదం వద్దు. మిగతా పాలకు లేదే?"

దానికి నా దగ్గర జవాబుంది. నోట్లోదాకా వచ్చింది కూడా. కానీ నాకింకా ఎనిమిదేళ్ల సర్వీసుంది. అందుకని నేలచూపులు చూశాను.

"ఈ పాలు ఎవరివి?"

"నాయే," అంది చెంచమ్మ కిటికీ అవతలినుంచి. "చుక్కయి."

కిరీటి గారు తిరస్కరణ ఫారం తీసి, స్వహస్తాలతో నింపి, సంతకానికి నా ముందు పెట్టారు. కారణం అన్న గడిలో రెండే మాటలున్నాయి. 'పాల వాసన.' సంతకం చేశాను. తిరస్కరించిన పాలు సెక్రటరీయే పారబోయాలన్నది రూలు. ఇంతకుముందు విరిగిన పాలు పారబోశాను, నీళ్ళు కలిపిన పాలు పారబోశాను. నురగ కూడా చావని మంచి పాలు పారబోయడం అదే మొదటిసారి. క్యాను ఎత్తాను. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా వంచాను.

చెంచమ్మ అంతా అయిపోయేదాకా చూసింది. తరవాత నడుం దగ్గర దోపుకున్న సభ్యత్వం కార్డు తీసి కిటికీ గట్టు మీద పెట్టింది.

"పదిహేడేళ్ళ నాడు మా ఆయన రాయించిన కారడన్నా ఇది. మంచి పాలు పోస్తే సాలు, సంగం మనల్ని జూసుకుంటదన్నాడు. పోశాను గదా! ఇంక నువ్వే ఉంచుకో."

ఖాళీ క్యాను అడిగి తీసుకుని వెళ్ళిపోయింది. సభ్యురాలు స్వచ్ఛందంగా తప్పుకున్నట్టు కిరీటి గారు రాసుకున్నారు.

మర్నాటినుంచి చెంచమ్మ పాలు ఊరి సెంటర్లో ఉన్న టీ బంకుకు పోయడం మొదలుపెట్టింది. మూడో రోజున మీరావలి ఆ బంకులో టీ తాగి, గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడట. "ఈ వాసన మర్సిపోయాంరా మనం" అన్నాడట. ఆ సాయంత్రం అతను మా కేంద్రానికి రాలేదు. వారంలో సగం మంది రాలేదు. ఇళ్ళల్లో చంటిపిల్లలు తల్లి దగ్గర పాలు తాగకుండా మొరాయిస్తుంటే అందరూ బిడ్డల అలకే అనుకున్నారు గానీ, తల్లి ఒంటి వాసన మారడమే కారణమని ఇప్పుడు తెలిసింది. నెల తిరిగేసరికి కేంద్రంలో నేను, మిషను, సీసాల పెట్టెలు మిగిలాం. రోజూ రెండు పూటలా తలుపు తీసి, ఏడు నొక్కులు కొట్టుకుని, నా పేరు ఎదుట రెండు గడుల్లో 'అవును' రాసుకుని, సాయంత్రం తాళం వేసేవాణ్ణి.

ఏడాది చివర లెక్కలు తీస్తే నూటికి నూరు పాళ్ళు పేడ వాసన లేని కేంద్రం జిల్లా మొత్తంలో మాదొక్కటే అని తేలింది. పట్నంలో సభ పెట్టి షీల్డిచ్చారు. మా కేంద్రాన్ని అన్ని కేంద్రాలూ ఆదర్శంగా తీసుకోవాలని మేనేజింగ్ డైరెక్టరు గారు పిలుపునిచ్చారు. ఇప్పటికే చాలా కేంద్రాలు తీసుకున్నాయని వేదిక మీది పక్క కుర్చీలోంచి కిరీటి గారు అందించారు. చప్పట్లు మోగాయి.

షీల్డు చంకలో పెట్టుకుని ఊళ్ళో బస్సు దిగేసరికి పాలు పితికే వేళయింది. ఇంట్లో మనవరాలికి పాలు లేవు. పాల కేంద్రం సెక్రటరీ ఇంట్లో పాలు లేవు! తలుపు దగ్గర నా భార్య మూత గిన్నె చేతికిచ్చి, షీల్డు వైపు కన్నెత్తి చూడకుండా, చెంచమ్మ దగ్గరికి పొమ్మంది.

చెంచమ్మ పాక దగ్గరికి వెళ్ళేసరికి పాలు చెంబులో పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. దడి దాటబోయాను. చప్పుడు ఆగిపోయింది. చుక్క తలెత్తి నా వైపు తిరిగి బుస్సుమంది.

"అన్నా, ఆడ్నే ఆగు," అంది చెంచమ్మ వెనక్కి తిరక్కుండానే. "నీ వాసనకి బెదిరిద్ది."

గిన్నె దడి పక్క గోడ మీద పెట్టి, పాతిక అడుగులు వెనక్కి నడిచి, నిలబడ్డాను. ఇరవై రెండేళ్లు ఈ ఊరి పాలన్నీ ముందుగా వాసన చూసినవాణ్ణి. ఇప్పుడు నన్ను వాసన చూసి గొడ్డు కూడా రానివ్వడం లేదు. తప్పు దానిది అనడానికి నా దగ్గర ఏ ఫారమూ లేదు. కాసేపటికి పాల చప్పుడు మళ్ళీ మొదలైంది.

చెంచమ్మ గిన్నె నింపి గోడ మీద పెట్టింది. "ఎప్పుడన్నా ఆ సీసా పక్కనబెట్టి, పద్దెనిమిది గంటలాగి రా, అన్నా. అప్పుడు లోపలికొచ్చి కూసుందువు గాని," అని లోపలికి వెళ్ళింది.

నేను వెళ్ళి గిన్నె అందుకున్నాను. మూత తీసి, అలవాటు కొద్దీ ముక్కు పెట్టాను. చుక్క పాలు. ఏడాదిగా పూటపూటకూ చూడకుండా రాసిన ఆ రెండు గడులూ గుర్తొచ్చాయి. వాసన తియ్యగా ఉంది. వెచ్చగా కూడా ఉంది.